టెట్ రాయని మాస్టార్లు

బొర్రా గుహల చరిత్ర చెప్పమంటే గైడు దగ్గర్నుంచి గూగుల్ దాకా అందరూ ఒకటే పాఠం అప్పజెబుతారు. 1807లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ అనే దొర వీటిని కనిపెట్టాడు. కరపత్రాల్లో ఇదే ఉంటుంది, పోటీ పరీక్షల గైడ్లలో ఇదే ఉంటుంది, పిల్లల ప్రాజెక్టు చార్టుల మీద స్కెచ్ పెన్నుతో ఇదే రాసి ఉంటుంది. చిక్కల్లా ఒక్కటే, ఆ సర్వే సంస్థ పుట్టిందే 1851లో. అంటే ఆఫీసు తెరవడానికి 44 ఏళ్ల ముందే ఉద్యోగి డ్యూటీలో చేరి, అనంతగిరి కొండలెక్కి, గుహ కనిపెట్టి వెళ్లిపోయాడన్నమాట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ సంస్థలో పనిచేసిన మాట నిజమే. ఆయన కాలం మాత్రం పందొమ్మిదో శతాబ్దం రెండో సగం.

అదే బొర్రా ఊళ్లో ఇంకో కథ చెబుతారు. కొండమీద మేస్తున్న ఆవు ఉన్నట్టుండి కనపడకుండా పోయింది. కాపరి వెతుక్కుంటూ వెళితే నేలలో పెద్ద బొక్క. లోపలికి దిగితే ఆవు బతికే ఉంది. పక్కనే శివలింగంలాంటి రాయి. స్వామే కాపాడాడని కాపరి మొక్కాడు, ఊరివాళ్లు గుడి కట్టారు. అక్కడే పుట్టిన ఏరు గోస్తని. ఈ కథలో సంవత్సరం లేదు, దొర లేడు, సర్వే లేదు. అందుకని దీన్ని ఐతిహ్యం అన్నాం, 1807ను చరిత్ర అన్నాం.

ఇప్పుడు రెంటినీ పరీక్షకు కూర్చోబెట్టండి. గుహలో నిలబడి తల పైకెత్తితే కప్పులో బొక్క కనిపిస్తూనే ఉంటుంది. అందులోంచి పడే వెలుతురులో మొహాలు పెట్టి జనం ఫొటోలు దిగుతుంటారు. ఇది సున్నపురాయి కొండ. వాననీరు రాతిని కరిగించుకుంటూ పోయి కడుపు డొల్ల చేసింది. కప్పు పలచబడ్డ చోట కూలి బొక్క పడింది. సున్నం కరిగిన నీరు చుక్క చుక్కగా జారి లింగాలూ స్తంభాలూ లేపింది. కాలేజీలో భూగర్భ శాస్త్రం మేస్టారు చెప్పేది ఇదే. ఆవు కథలో ఉన్నదీ ఇదే. నేల గుల్లగా ఉంది, పైన మేత ఉంది కానీ అడుగు చూసి వెయ్యాలి, కింద నీరుంది, రాయి పెరుగుతుంది. గొడ్లు కాసే పిల్లాడికి తెలియాల్సిన పాఠం అంతా ఆ నాలుగు ముక్కల్లో ఉంది. తేదీ లేని కథ నేలను సరిగ్గా చెప్పింది. తేదీ ఉన్న చరిత్ర తేదీనే సరిగ్గా చెప్పలేకపోయింది.

నోటి మాటంతా నిజం, అచ్చంతా అబద్ధం అనడానికి ఇదంతా చెప్పడం లేదు. కాగితం మీద ఉన్నదాన్ని మనం ఒక్క ప్రశ్నయినా వెయ్యకుండా నమ్ముతాం. ముసలమ్మ చెప్పినదాన్ని ఒక్క ప్రశ్నయినా వెయ్యకుండా కొట్టిపారేస్తాం. ఈ రెండు బద్ధకాలూ కలిసి మన బడిని తయారుచేశాయి. బొర్రా ఊరి పిల్లాడు ఇంట్లో ఆవు కథ విని వస్తాడు, బడిలో 1807 నేర్చుకుంటాడు, పరీక్షలో 1807 రాసి మార్కు తెచ్చుకుంటాడు. తమ తాత కంటే కరపత్రం గొప్పదని ఆ ఒక్క మార్కుతోనే వాడికి అర్థమైపోతుంది.

కథ ప్రాణం కాపాడుతుందంటే నవ్వేవాళ్లకు 2004 డిసెంబరు 26 గుర్తుచెయ్యాలి. ఆ రోజు సునామీ మన తీరాన్నీ తాకింది. సుమత్రా పక్కన సిమ్యులు అనే దీవి ఉంది. భూకంపం పుట్టిన చోటికి కూతవేటు దూరం. అక్కడ 1907లో ఒకసారి సముద్రం మీదపడి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. బతికినవాళ్లు దాన్ని కథ కట్టారు, పాట కట్టారు, జోలపాటలోనూ కలిపారు. భూమి గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి పోయిందంటే, చేతిలో ఏముంటే అది వదిలేసి కొండెక్కు. అంతే కథ. దాదాపు వందేళ్ల తర్వాత భూమి ఊగింది. సైరన్ మోగలేదు, టీవీలో స్క్రోలింగూ రాలేదు. అయినా జనం కొండెక్కేశారు. డెబ్భై వేలకు పైగా ఉన్న దీవిలో చనిపోయింది ఏడుగురని లెక్క తేలింది. ఎదురుగా సుమత్రా మీదున్న ఆచే తీరంలో లక్షన్నరకు పైగా పోయారు. సిమ్యులులో అమ్మమ్మలు ఒక పాఠాన్ని మూడు నాలుగు తరాలు సిలబస్‌లోంచి తీసేయకుండా కాపాడుకొచ్చారు. మన దగ్గర సిలబస్ ప్రభుత్వం మారితే మారిపోతుంది.

అలాంటి పాఠం ఎలా నిలబడుతుందో అరకు వైపు ఒక ఊళ్లో చూశాను. పంట ఇంటికొచ్చిన రోజులు. పిండ మీద, అంటే ఇంటిముందరి అరుగు మీద, చలిమంట. ఒక తాత తమ ఊరు ఇక్కడికి ఎలా వచ్చిందో చెబుతున్నాడు. పాత ఊరు ఏ గెడ్డ పక్కన ఉండేది, రోగమొచ్చి ఎందుకు ఖాళీ చేశారు, మొదటి పొయ్యి ఎవరి ఇంట్లో వెలిగింది. మధ్యలో, “ఆ యేడు సోళ్లు పండనేదు...” అన్నాడో లేదో, అవతల అడ్డాకులు కుడుతున్న ముసలమ్మ చేతిలో వెదురు పుల్ల ఆపకుండానే అందుకుంది. “అది కాదన్నియ్యా. సోళ్లు బాగానే పండినాయి. పోయింది సామలు. సామలు నేకే కదా అమ్మ మనల్ని మామయ్యోళ్ల ఊరు తీస్కెళ్లింది!” తాత ఒక్క క్షణం మంట వైపు చూసి, “అవునే, సామలే,” అని దిద్దుకుని కథ అక్కణ్నుంచి మళ్లీ ఎత్తుకున్నాడు. చుట్టూ ఉన్న గుంటలు రెండు మాటలూ విన్నారు. తప్పూ విన్నారు, దిద్దుబాటూ విన్నారు, ఆ దిద్దుబాటుకు ఆధారమూ విన్నారు.

యూనివర్సిటీల్లో పరిశోధన వ్యాసం అచ్చయ్యే ముందు ఇద్దరు ముగ్గురు నిపుణులు చదివి తప్పులు పట్టే పద్ధతి ఒకటుంది. అదంటే మనకు గౌరవం. కొండ మీద ఆ పని అడ్డాకులు కుడుతూ చేసేస్తారు. పైగా అక్కడ సమీక్షకుడి పేరు రహస్యం కాదు. నోటి చరిత్ర అంటే ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెప్పేదని అనుకునేవాళ్లు ఆ పిండ మీద ఒక రాత్రి కూర్చోవాలి. అక్కడ ఏ కథా ఒక్కడి సొత్తు కాదు. తెలిసిన పదిమంది ముందు చెప్పాలి కాబట్టి కోతలు కోయడం కష్టం.

ధింసా నాట్యం సంగతీ అంతే. టూరిస్టులు దాన్ని రిసార్టులో భోజనానికి ముందు వచ్చే అంశంగా చూస్తారు. ఆడవాళ్లు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసి వరస కడతారు. మోరి ఊదుతారు, తుడుం, డప్పు, కిరిడి మోగుతాయి. కాసేపయ్యాక చూసేవాళ్లూ వెళ్లి కలుస్తారు, వీడియో తీసుకుంటారు, వచ్చేస్తారు. వాళ్లకు అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. కొంచెం ఓపిగ్గా చూస్తే ఒక్కో ధింసా ఒక్కో పాఠం. బోడ ధింసా గ్రామదేవత కొలుపు. గొడ్డిబేటలో ముందుకు వంగి లేస్తారు, చూస్తుంటే రాళ్లు ఏరుతున్నట్టే ఉంటుంది. కొండవాలు మడిలో మొదటి పని రాళ్లు ఏరడమే కదా. పొతర్‌తోలలో ఆకులు కోస్తారు. బాగ్ ధింసాలో పులి వస్తుంది, దాని బారి నుంచి తప్పించుకోవడం వస్తుంది. కుండ ధింసాలో భుజాలతో ఒకరినొకరు తోసుకుంటారు. పొలం పని, అడవి పని, ఆపద, ఆట అన్నీ అందులోనే ఉన్నాయి. బొమ్మలు లేని వాచకం అది, ఒంటితో చదవాలి. ఐదేళ్ల పిల్ల వరస చివర వేలాడుతూ మొదలుపెట్టి, పదేళ్లకు మధ్యకు చేరుతుంది. ఏ తరగతిలో ఉన్నదీ వరసలో ఎక్కడుందో చూస్తే తెలిసిపోతుంది.

బడి కూడా ధింసాను పిలుస్తుంది. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి పిలుస్తుంది, ఆగస్టు 15కు పిలుస్తుంది, కలెక్టరు గారొస్తే పిలుస్తుంది. సైన్సు పీరియడ్‌కు పిలవదు. మైదానంవాళ్లం కొండ నుంచి ఒక్కటి మాత్రం ఏ సందేహమూ లేకుండా, రుజువులడక్కుండా స్వీకరించాం: బొంగు చికెన్. వెదురు బొంగులో మాంసం కూరి, ఆకుతో మూతి బిగించి, నూనె చుక్క లేకుండా నిప్పుల మీద ఉడికించే ఆ విద్యకు రోడ్డు పొడవునా స్టాళ్లు వెలిశాయి. ఏ వెదురు లేతది, ఎంత పచ్చిగా ఉంటే కాలిపోకుండా ఉడుకుతుంది, బొంగు ఎప్పుడు తిప్పాలి అన్నది సంప్రదాయ విజ్ఞానం కాక మరేమిటి? తినేదైతే వెంటనే ఒప్పుకున్నాం. నేర్చుకునేదైతే కమిటీ వేస్తాం.

నిజానికి మన దగ్గర దారి వేసినవాళ్లు లేకపోలేదు. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారిని మనం వ్యావహారిక భాష కోసం తలుచుకుంటాం. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. పర్లాకిమిడిలో మేస్టారుగా ఉంటూ ఆయన సవరలను చూశారు. సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నారు. సవరల కోసం బడులు పెట్టించారు, వాచకాలు రాశారు. 1931లో సవర భాషకు వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. వ్రాతప్రతులు లేని భాషకు వ్యాకరణం రాయాలంటే మనిషి నోటిని నమ్మడం తప్ప గతి లేదు. ముందు సవర నోటిని నమ్మిన మనిషే తర్వాత తెలుగు నోటిని నమ్మమని పండితులతో పోట్లాడాడు. ఈ రెంటికీ సంబంధం లేదంటే నేను ఒప్పుకోను. ఇవాళ మనం గ్రాంథికం బాధ లేకుండా ఇలా రాసుకుంటున్నామంటే, ఆ ఋణంలో కొంత వాటా కొండకు చెల్లుతుంది.

ఇంకో దారి ఆదిలాబాద్ అడవుల్లో పడింది. కుమ్రం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పిలిపించింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల కోసం శిక్షణ కేంద్రం మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. గోండు పిల్లలకు గోండు మేస్టారు గోండీలో చెప్పాడు. మన కొండల్లో మళ్లీ ఆ మాట గట్టిగా వినపడింది 2004లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది భాషల్లో, 240 బడుల్లో, మాతృభాషలో చదువు మొదలైంది. సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా. లిపి తెలుగుది, మాట పిల్లలది. పుస్తకాల్లో వాళ్ల సంతలు, వాళ్ల పండగలు, వాళ్ల కథలు వచ్చాయి. ఒకటో తరగతిలో చేరగానే మూగవాడైపోయే పిల్లాడికి మొదటిసారి మాటొచ్చింది.

ఆ పుస్తకాల్ని తిరగేస్తే సంతోషమేస్తుంది, ఒక లోటూ కనిపిస్తుంది. కథ పుస్తకంలోకి వచ్చింది, చెప్పే మనిషి గుమ్మం బయటే ఉండిపోయాడు. పిండ మీద కథకు అన్నియ్య ఉన్నాడు, దిద్దే చెల్లెలుంది, చలిమంట ఉంది, కాలం ఉంది. పుస్తకంలో కథ కింద మూడు ప్రశ్నలున్నాయి. కథలో ఎవరెవరున్నారు? నీతి ఏమిటి? ఖాళీలు పూరించండి. ఎవరూ దిద్దడానికి వీల్లేకుండా కథ అక్కడ గడ్డకట్టింది. రేపు దానిలో సామలకు బదులు సోళ్లు అచ్చుపడితే, ఇక ఎప్పటికీ సోళ్లే. 1807 లాగే.

కాలం సంగతి ఇంకా చిత్రం. ఏజెన్సీలో ఏడాది ‘కొత్త’ పండగలతో నడుస్తుంది. మామిడి కొత్త చెయ్యకుండా మామిడి తినకూడదు, సామ కొత్త చెయ్యకుండా కొత్త సామలు ముట్టకూడదు. కాయ ముదిరేదాకా చెట్టు మీదే ఉండాలని పర్యావరణం మేస్టారు చెబితే పిల్లలు రాసుకుంటారు. అమ్మోరు చెబితే పాటిస్తారు. చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. విత్తనాలకు పూజ చేసి, దుక్కికి సిద్ధమయ్యే రోజులవి. సరిగ్గా అప్పుడే బడిలో సంవత్సరాంత పరీక్షలు. విత్తనం గురించి ఊరంతా మాట్లాడుకునే వారంలో పిల్లాడు తరగతి గదిలో కూర్చుని ‘విత్తనం మొలకెత్తుటకు కావలసిన పరిస్థితులను వివరింపుము’ అనే ప్రశ్నకు జవాబు రాస్తుంటాడు. పండగకు వెళ్లినవాడికి హాజరు పట్టీలో ఆబ్సెంటు పడుతుంది.

ఇక్కడ ఎవరైనా అడుగుతారు: కొండ మీద అమ్మానాన్నలే ఇంగ్లీషు మీడియం కావాలంటుంటే, మీరు చలిమంట కథలు పట్టుకు వేలాడతారేమిటి? న్యాయమైన ప్రశ్నే. వాళ్లకు ఇంగ్లీషు కావాలి, కంప్యూటరు కావాలి, నీట్ సీటు కావాలి. మన పిల్లలకు కావలసినవన్నీ వాళ్ల పిల్లలకూ కావాలి. మనం ఇంగ్లీషు చదువుకుని వాళ్లను కథలు చెప్పుకోమనడం దొరతనం. అలాగే పాతదంతా మంచిదని నెత్తిన పెట్టుకోవడమూ ప్రమాదం. పాము కరిచినవాణ్ని మంత్రం వేసే దిసారి దగ్గర కూర్చోబెట్టి ఆస్పత్రికి ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని చంపిన ఊళ్లూ ఉన్నాయి. అది కూడా నోటి మాటే. అందుకే దాన్ని బడిలోకి తేవాలంటున్నాను. బయట ఉంటే పూజో, ఎగతాళో తప్ప వేరే గతి లేదు దానికి. లోపలికి వస్తే ప్రశ్న పడుతుంది. ఏ ఆకు పనిచేస్తుంది, ఎందుకు పనిచేస్తుంది, ఏది పనిచెయ్యదు అని పిల్లలే తేలుస్తారు. ఆ పరీక్షకు కరపత్రం కూడా కూర్చోవాలి మరి.

నోటి మాటను లోపలికి రానివ్వడం మన వ్యవస్థకు చేతకాని పనేమీ కాదు. మనవాళ్లు చేసి చూపించారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉంది కదా, పోడు పట్టాల చట్టం. దాని నియమాల్లో 13వది సాక్ష్యాల గురించి. పట్టా కోరే మనిషి దగ్గర కాగితం లేకపోతే ఏం చెయ్యాలో అందులో ఉంది. పాత ఊరి ఆనవాళ్లు, పూర్వీకుల శ్మశానాలు, కొలుపు స్థలాలు, వంశక్రమం సాక్ష్యంగా చూపించవచ్చు. హక్కు కోరేవాళ్లు కాక ఊళ్లోని ఇతర పెద్దలు చెప్పే మాటను రాసుకుని అదీ సాక్ష్యంగా తీసుకోవచ్చు. అంటే ఆ పిండ మీది తాత, పాత ఊరు ఫలానా గెడ్డ పక్కన ఉండేదని గ్రామసభలో చెబితే, భారత ప్రభుత్వం దాన్ని సాక్ష్యమంటుంది. మొదటి పొయ్యి ఎవరింట్లో వెలిగిందన్న కథ మీద ఎకరాలు తేలతాయి. అదే మాట అదే తాత, పక్కనే ఉన్న ప్రాథమిక పాఠశాలలో చెబితే అది కాలక్షేపం. పట్టాల కమిటీల్లో కూర్చునే రెవెన్యూ అధికారులు నమ్మగలిగినదాన్ని విద్యాశాఖ నమ్మలేకపోతోంది. రెవెన్యూ శాఖకు ఇంతకంటే పెద్ద ప్రశంస నేనెక్కడా వినలేదు!

అడ్డేమిటని అడిగితే అర్హత అంటారు. డీఎడ్ ఉండాలి, టెట్ రాయాలి, డీఎస్సీలో రావాలి. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో స్థానిక గిరిజనులే మేస్టార్లుగా ఉండాలని 2000లో మూడో నెంబరు జీవో ఇచ్చారు. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అదే ఏడాది జూలైలో కొత్త జాతీయ విద్యా విధానం వచ్చి, గిరిజన విజ్ఞానాన్ని చదువులో చేర్చాలంది. విజ్ఞానం లోపలికి రావాలి సరే, దాన్ని మోసుకొచ్చే మనిషి ఏ తలుపులోంచి రావాలన్నది తేలలేదు. మాతృభాష వాలంటీర్లు ఏడాది కాంట్రాక్టు కోసం ఏటా ఎదురుచూస్తూనే ఉంటారు.

నేను అడిగేది పెద్ద సంస్కరణేమీ కాదు. టెట్ రాసిన మేస్టారు లెక్కలు, ఇంగ్లీషు చక్కగా చెప్పుకోనివ్వండి. వారానికొక పీరియడ్ మాత్రం ఊరికి వదిలేయండి. వచ్చేవాళ్లు ఇద్దరు ఉండాలి, చెప్పేవాడొకరు, దిద్దేదొకరు. మేస్టారు ఆ పూట బెంచీ మీద పిల్లల పక్కన కూర్చోవాలి. జీతాల అక్విటెన్సు రిజిస్టర్లో వాళ్ల పేరు ఉండాలి, ఎందుకంటే ఉచితంగా చెప్పించుకున్న చదువుకు మన దేశంలో విలువ ఉండదు. చివర పరీక్ష కూడా పెట్టండి, మార్కులు వెయ్యండి. మార్కు లేనిదాన్ని ఏ తల్లిదండ్రులూ చదువనుకోరు, కొండ మీదైనా అంతే.

ఇది నియమాలకు విరుద్ధం అనేవాళ్లకు రెండు పేర్లు చెబుతాను. మార్లవాయి గోండు కళాకారుడు కనకరాజు గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్నాడు. మణుగూరు దగ్గరి కూనవరం నుంచి సకిని రామచంద్రయ్య, కోయల వంశ చరిత్రలను డోలి మీద పాడినందుకు 2022లో అందుకున్నాడు. చరిత్ర చెప్పగలడని రాష్ట్రపతి భవన్ ఒప్పుకున్న మనిషి ఆయన. దేశం పద్మశ్రీ ఇచ్చేటప్పుడు టెట్‌లో ఎన్ని మార్కులొచ్చాయని అడగలేదు. ఊరి బడి వారానికొక్క పీరియడ్ ఇవ్వడానికి అడుగుతోంది.